రెండు పచ్చలు

తణుకులో మా మావయ్యది ఫోటో స్టూడియో. నేను హైదరాబాదులో పెళ్ళి ఆల్బమ్‌ల ఎడిటింగ్ చేస్తాను. మొన్న మాఘమాసం ముహూర్తాల్లో ఆయనకి పని మీద పడితే సాయానికి వెళ్ళాను. ఒక ఫోటో దగ్గర మా ఇద్దరికీ మాట కుదరలేదు.

పెళ్ళికూతుర్ని చేస్తున్న రోజు. పెరట్లో పీట మీద అమ్మాయి, చుట్టూ పేరంటాళ్ళు, బుగ్గలకీ చేతులకీ నలుగు. ఎండ తగలకుండా పైన ఆకుపచ్చ వల కట్టారు, కడియం నర్సరీల్లో మొక్కల మీద కప్పే రకం. అమ్మాయిది చామనఛాయ. వాళ్ళమ్మగారు చెప్పిన మాట మావయ్య ఆర్డరు పుస్తకంలో రాసుకున్నారు: "మొహం పచ్చగా వచ్చింది, సరిచేయాలి. కాస్త రంగు తెప్పించాలి."

మొదటి వాక్యం మా పని. రెండోది మా పని కాదని నేను ఎప్పటినుంచో నమ్ముతున్నాను. అయినా ఆ రాత్రి ఆ రెండో పని నా చేతుల మీదుగానే జరిగిపోయింది. మావయ్య పట్టుకునేదాకా నాకు తెలియలేదు. ఆ వాదనని గుర్తున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

మావయ్య: ఇదేం చేశావమ్మా? పసుపు ఏదీ?

నేను: మొహం పచ్చగా ఉందన్నారుగా, తీసేశాను. చర్మం మొత్తం సెలెక్ట్ చేసి, సగటు రంగు ఎంతుందో చూసి, దానికి ఎదురు రంగు వేశాను. రంగు కొలిచే వెక్టర్‌స్కోప్‌లో చూడండి, సరిగ్గా చర్మం గీత మీదకి వచ్చింది.

మావయ్య: గీత మీదకి వచ్చింది, పిల్ల పీట మీదనుంచి లేచిపోయింది. నలుగు పెట్టినట్టే లేదు. సరే, ఆవిడ పచ్చగా ఉందన్నారు. ఏ పచ్చ?

నేను: ఏ పచ్చేమిటి?

మావయ్య: మనకి పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. పచ్చకామెర్లంటే ఒకటి, పచ్చగడ్డంటే ఇంకొకటి. వచ్చినవాళ్ళు ఒకే మాట అంటారు, మన చేతిలో మీటలు మాత్రం రెండు. పసుపు ఎక్కువైతే టెంపరేచర్ నీలం వైపు జరపాలి. ఆకుపచ్చ కొడితే టింట్ మెజెంటా వైపు జరపాలి. ఏదో అడక్కుండా మొదలుపెడితే ఇంకో రోగం తెస్తాం. ఈ ఫోటోలో రెండు పచ్చలూ ఉన్నాయి. ఒకటి పేరంటాళ్ళు రాసింది, రెండోది వల రాసింది. నువ్వు రెండూ కలిపి కడిగేశావు.

నేను: కంటికి రెండూ కలిసే ఉన్నాయి కదా. అందుకే కన్ను నమ్మకుండా గీతని నమ్మాను. చర్మం తెల్లగా ఉన్నా నల్లగా ఉన్నా దాని రంగు ఇచ్చేది ముఖ్యంగా రెండే, లోపల నెత్తురు, పైన మెలనిన్. అందుకే ఎవరి చర్మమైనా ఎరుపుకీ పసుపుకీ మధ్య దాదాపు ఒకే గీత దగ్గర పడుతుంది. తేడా అంతా వెలుగులో, గాఢతలో. ఆ గీతకి దూరంగా ఉందంటే దాని మీద ఏదో పడ్డట్టే.

మావయ్య: పడింది. పసుపు పడింది. పసుపుకొమ్ము మెలనిన్ కాదు, నెత్తురూ కాదు. అది గీత మీద ఉండమంటే ఎందుకుంటుంది? మీ గీత ఉత్త చర్మానికి పనికొస్తుంది. నలుగు పెట్టిన మొహానికి, కుంకుమ అద్దిన నుదుటికి, గోరింటాకు పండిన చేతికి అది పెట్టకు.

(ఇక్కడ నాకు చిరాకు వచ్చింది. మా మావయ్య ప్రింట్లు ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నాను. అన్నీ ఒక పిసరు ఎర్రగా ఉంటాయి. ఆ మాటే అనేశాను.)

నేను: మీ కన్ను మీద మీకు నమ్మకం ఎక్కువ. కానీ మీ గోడ మీదున్న ఫోటోలన్నీ ఎర్రగానే ఉన్నాయి మావయ్యా. అరగంట చూస్తే ఏ రంగైనా కంటికి అలవాటైపోతుంది. ఆ వల కింద కూర్చున్న పేరంటాళ్ళని అడగండి, ఒక్కరికీ ఆకుపచ్చ కనబడి ఉండదు. కన్ను సర్దుకుంది. కెమెరా సర్దుకోలేదు.

మావయ్య: ఎర్రగా ఉన్నమాట నిజమే. ల్యాబులో ప్రింట్లు వేసే రోజుల్లో ఆ చేతివాటం పడింది. మిషనుకి నాలుగే మీటలు, సియాన్, మెజెంటా, ఎల్లో, డెన్సిటీ. ఫ్రేములో ఏమున్నా సగటున బూడిదరంగు ఉండాలని దాని లెక్క. ఎర్ర పట్టుచీర ఫ్రేమంతా నిండి ఉంటే, "అమ్మో, ఎరుపు ఎక్కువైంది" అని మిషను సియాన్ కలిపేది. చీర కాస్త వెలిసేది, పెళ్ళికూతురి మొహం పాలిపోయి నీలంగా, జ్వరం తగిలినట్టు వచ్చేది. దాన్ని వెనక్కి లాగీ లాగీ నా చెయ్యి ఎరుపు వైపు ఒరిగింది. ఒప్పుకుంటాను. అయితే నువ్వు ఇవాళ చేసిందీ ఆ మిషను పనే. సగటు తీశావు.

నేను: ...

మావయ్య: ఇంకో మాట. ఇప్పుడు నువ్వే అన్నావు, వల కింద ఉన్నవాళ్ళకి ఆకుపచ్చ కనబడలేదని. పసుపు కనబడిందా లేదా?

నేను: కనబడకేం. వాళ్ళే రాశారు.

మావయ్య: నా లెక్క అదే. అక్కడున్నవాళ్ళకి కనబడకుండా కెమెరాకి మాత్రమే కనబడింది ఏదో, అది తీసేయాలి. వాళ్ళు కళ్ళారా చూసింది ఉంచాలి.

నేను: మాట బాగుంది. కానీ సాక్ష్యం ఎవరు చెప్తారు? వాళ్ళమ్మగారిని అడిగితే అమ్మాయి ఇంతకంటే తెల్లగా ఉంటుందంటారు. చూసినవాళ్ళ జ్ఞాపకం మీద వదిలేస్తే ప్రతి ఇంట్లో అమ్మాయీ రెండు ఛాయలు తేలిపోతుంది. అందుకే నాకు మనిషి సాక్ష్యం వద్దు, ఫోటోలోనే ఒక తటస్థమైన రంగు కావాలి.

(ఈ మాటకి ఆయన దగ్గర సమాధానం లేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. ఆయన ఇంకాసేపు తెర వైపు చూశారు.)

మావయ్య: సరే, వెతుకు. తెల్లగా ఉన్నదాని మీద నొక్కు.

పెళ్ళికూతురి పక్కన వాళ్ళ తాతగారు నిలబడి ఉన్నారు, మల్లెపువ్వులాంటి పంచె. వైట్ బ్యాలెన్స్ డ్రాపర్ తీసుకుని పంచె మీద నొక్కాను. మొహాలన్నీ ఒక్కసారి పసుపు తిరిగాయి. అందరికీ నలుగు పెట్టినట్టయింది.

మావయ్య: పంచె కదా అని నొక్కావు. దానికి నీలిమందు పెట్టరూ? ఎండలో ఆ గుడ్డ నీలం కొడుతుంది. ఆ నీలాన్ని తెలుపు అని చెప్పావు కంప్యూటరుకి. అది నీలం చంపడానికి ఫోటో అంతా పసుపు పోసింది. ఇప్పటి సబ్బుపొడుల్లోనూ తెల్లగా మెరిపించే మందు ఉంటుంది, కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలని తీసుకుని నీలంగా వెనక్కి ఇస్తుంది. ఇస్త్రీ పంచె ఎప్పుడూ నమ్మకు. మల్లెపూలూ సాయంత్రానికి పసుపు తిరుగుతాయి.

నేను: పళ్ళు? కంటి తెల్లగుడ్డు?

మావయ్య: పళ్ళు ఎప్పుడూ కాస్త పసుపే. కంట్లో ఎరుపు ఉంటుంది. కింద చూడు, పీట ముందర.

పీట ముందర ముగ్గు ఉంది. ఎండ నేరుగా తగిలిన గీతలు తెల్లగా కాలిపోయాయి, అక్కడ నొక్కితే లాభం లేదు. పీట కాలి పక్కన నీడలో ఒక చుక్క, దాని చుట్టూ తిప్పిన మెలిక మాత్రం వివరంగా ఉన్నాయి. ముగ్గుపిండి రాతిపొడి. దానికి నీలిమందు లేదు, పసుపు లేదు. అమ్మాయి మొహం మీద పడ్డ వెలుతురే దాని మీదా పడింది. కర్సర్ పెట్టి చూశాను: రెడ్ 180, గ్రీన్ 214, బ్లూ 184. మూడూ సమానంగా ఉండాల్సిన చోట గ్రీన్ ముప్ఫైకి తగ్గకుండా లేచి ఉంది. వల పెట్టిన పచ్చ ఎంతో అంకెల్లో కనబడింది. నాకు ఆ క్షణం చాలా సంతోషమేసింది, దాచుకోను.

దాన్ని తటస్థం చేస్తే టింట్ మెజెంటా వైపు 34కి వెళ్ళింది. నుదుటి మీద, పసుపు అంటని చోట అంతకుముందు రెడ్ 142, గ్రీన్ 131, బ్లూ 88. ఎరుపూ ఆకుపచ్చా దాదాపు సమానం, అందుకే రోగిష్టి మొహంలా ఉండింది. ఇప్పుడు 158, 122, 96. చర్మం చర్మంలా అయింది. బుగ్గల మీద పసుపు బంగారంలా నిలబడింది.

నేను: చూశారా, అంకెలే తీర్చాయి.

మావయ్య: ముగ్గు చూపించింది నేను. తగువొద్దులే. నీ పాత ఫైలు పక్కన పెట్టు. ఇందులోనూ గ్రీన్ తీశావు, అందులోనూ తీశావు. అందులో అమ్మాయి ఎందుకు అంత తేలిపోయింది?

నేను: తేలిపోలేదు. రంగే సరిచేశాను, వేరేది ముట్టుకోలేదు.

మావయ్య: అంకెలు చెప్పు.

అదే నుదురు. పాత ఫైల్లో రెడ్ 190, గ్రీన్ 150, బ్లూ 124. మూడింటినీ కంటి లెక్కన కలిపితే వెలుగు మొదట 130 ఉండేది. ముగ్గుతో సరిచేసిన ఫైల్లోనూ 130. నా మొదటి ఫైల్లో 159.

ఎలా జరిగిందో తర్వాత లేయర్లు ఒక్కొక్కటే విప్పి చూసుకున్నాను. కంటికి తోచే వెలుగులో సగానికి పైన గ్రీన్‌దే. కర్వ్స్‌లో గ్రీన్ ఒక్కటే కిందికి లాగితే మొహం ముదురుతుంది. ముదిరిందని ఎక్స్‌పోజర్ పెంచాను. ఎంత ముదిరిందో అంతే పెంచి ఆగాలి కదా, ఆగలేదు. తెల్లబడుతుంటే "బాగుంది" అనిపించింది, ఇంకొంచెం పెంచాను. కర్వ్స్ లేయర్‌ని నార్మల్‌లో కాక కలర్ మోడ్‌లో పెట్టి ఉంటే వెలుగు కదిలేదే కాదు. అది నాకు తెలియక కాదు. ఎవరూ చెప్పకుండానే నా వేలు ఆ వైపు వెళ్ళింది.

మావయ్య: రంగు తెప్పించమని ఆవిడ అడిగారు, నువ్వు తెప్పించావు.

నేను: ఆవిడ కోసం చేయలేదు మావయ్యా.

మావయ్య: తెలుసు. అందుకే చెప్తున్నాను. మన భాషలోనే ఉంది ఇది. తెల్లగా ఉన్న పిల్లని "ఎర్రగా ఉంది" అంటాం. కాస్త ఎర్రగా చేయండి అని ఎవరన్నా అడిగితే, కొత్త కుర్రాడైతే నిజంగానే ఎరుపు కలుపుతాడు. వాళ్ళు అడిగేది ఎరుపు కాదు, తెలుపు. "రంగు తక్కువ" అన్నా అంతే, ఉన్న రంగు రంగు కాదన్నట్టు. ఆ మాటలు వింటూ పెరిగిన చెయ్యి మీట ఎటు తిప్పుతుందో చెప్పక్కర్లేదు.

నేను: చేతులే కాదు, సరంజామా కూడా అలాగే తయారైంది. కోడాక్ వాళ్ళు ల్యాబులకి రంగు సరిచూసుకోవడానికి ఒక కార్డు పంపేవారు, షర్లీ కార్డు అనేవారు. అందులో తెల్లజాతి అమ్మాయి. ఆమె చర్మం బాగా వస్తే మిషను సరిగ్గా ఉన్నట్టు. ఎన్నో ఏళ్ళు ప్రపంచం మొత్తం ఆ ఒక్క చర్మానికి సరిచూసుకుంది. 1976లో వచ్చిన ఇరవై నాలుగు గళ్ళ కలర్‌చెకర్ అనే రంగుల కార్డులో మాత్రం మొదటి గడి ముదురు చర్మం, రెండోది లేత చర్మం.

మావయ్య: ఆ కార్డు మా ల్యాబులో గోడకి ఉండేది. ఆవిడ ఎవరో అనుకునేవాళ్ళం.

తర్వాత ఆయన కాసేపు ఏమీ అనలేదు. అత్తయ్య మజ్జిగ తెచ్చి పెట్టింది. గ్లాసు పట్టుకునే ఆయన ఈ మాటలు చెప్పారు.

మావయ్య: బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో నేను చేసిందీ చెప్తాను విను. రంగే లేదు కనక ఆకుపచ్చ కొట్టేది లేదు, పసుపు కొట్టేది లేదు. కానీ నెగెటివ్ మీద పెన్సిల్ పెట్టేవాళ్ళం. నెగెటివ్‌లో ఎక్కడ నలుపు పెడితే ప్రింటులో అక్కడ తెలుపు. మొదట ముడతలకి, మచ్చలకి. తర్వాత బుగ్గ మొత్తానికి. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు చుక్కలుగా పెట్టుకుంటూ పోతే మనిషి రెండు ఛాయలు తేలేవాడు. నా చెయ్యి బాగుందని పేరు. ఒకాయన ఫోటో అలా చేశాను. ఆయన పోయాక వాళ్ళ ఇంట్లో అదే పెద్దది చేయించి దండ వేశారు. చాలా ఏళ్ళకి వాళ్ళ మనవరాలు పాస్‌పోర్టు ఫోటోకి వచ్చింది. అచ్చం తాత పోలిక, తాత రంగు. "నీది మీ తాతగారి రంగమ్మా" అన్నాను. "తాతయ్య తెల్లగా ఉండేవారు కదండీ, మా ఇంట్లో ఫోటో ఉంది" అంది. ఆ పిల్లకి నేనేం చెప్పను?

నేను: చెప్పలేదా?

మావయ్య: చెప్పలేదు. చెప్పాల్సింది.

(వాదనలో ఎవరు గెలిచారన్నది ఇక్కడితో నాకు పట్టలేదు. కానీ పని మిగిలే ఉంది, తగువూ మిగిలే ఉంది.)

రెండో ఫోటో పెళ్ళిది. తెల్లవారుజాము ముహూర్తం. హోమగుండం కుడి వైపు, ఆ బుగ్గ నిప్పు వెలుగులో నారింజ రంగు. ఎడమ బుగ్గ మీద ఫంక్షన్ హాలు ఎల్‌ఈడీ, ఆకుపచ్చగా, బూడిద పూసినట్టు. మంట వెలుతురు రెండు వేల కెల్విన్‌కి అటూ ఇటూ, పైనున్న లైటు ఆరున్నర వేల వరకు ఉంటుంది. ఒక్క వైట్ బ్యాలెన్స్‌తో రెండు బుగ్గలూ కుదరవు.

నేను: రెండు మాస్కులు వేస్తాను. ఇటు నారింజ తగ్గిస్తాను, అటు ఆకుపచ్చ తీస్తాను. మొహం రెండు వైపులా ఒకటే అవుతుంది.

మావయ్య: నిప్పు ముందర కూర్చున్న మనిషి మొహం రెండు వైపులా ఒకటిగా ఎలా ఉంటుంది? ఎడమ వైపు నీ ఇష్టం. కుడి బుగ్గ ముట్టుకోకు. అది వాళ్ళు చూశారు.

నేను: కళ్ళతో చూసినప్పుడు ఇంత నారింజగా లేదు. మీ లెక్క ప్రకారమే కన్ను కొంత సర్దుకుంటుంది. ఇది కెమెరా చేసిన అతి. మూడో వంతు తగ్గించనివ్వండి.

మావయ్య: మూడో వంతు... తగ్గించు. దాని పైన వద్దు. ముక్కు మీద ఆ మెరుపు పోకూడదు.

నేను: ఎడమ వైపే కష్టంగా ఉంది. ఆకుపచ్చ తీస్తే బూడిద మిగులుతోంది. మెజెంటా వేస్తే వాచినట్టు కనబడుతోంది.

మావయ్య: ఆ లైటులో ఎరుపే లేదమ్మా. చవక ఎల్‌ఈడీలో ముదురు ఎరుపు సరిగ్గా ఉండదు. నెత్తురు రంగు కనబడాలంటే ఆ ఎరుపే కావాలి. లైటులో లేనిది చర్మం మీంచి తిరిగి రాదు, తిరిగి రానిది ఫైల్లో ఉండదు. ఎర్రగా పులమగలవు గానీ పుట్టించలేవు. అక్కడ మంచి లైటు ఒకటి పట్టుకెళ్ళాల్సింది నేను. అది నా తప్పు, నీ ఎడిటింగ్‌ది కాదు.

సాచురేషన్ కాస్త పెంచి, పెదవి దగ్గర విడిగా ఒక మాస్కు వేసి, చేయగలిగింది చేసి వదిలేశాను. నాకు తృప్తి లేదు. దాన్ని ఆల్బమ్‌లో చిన్న సైజులో పెట్టాం.

పడుకోబోయే ముందు మావయ్య పెళ్ళికూతురి తల్లికి ఫోన్ చేశారు. ఈ వేళప్పుడు ఎందుకన్నాను, రేపయితే మనసు మారుతుందేమో అన్నారు. "అమ్మా, మొహం మీద వల పచ్చ పడింది, తీసేశాం. నలుగు పసుపు ఉంచాం. అమ్మాయి రంగు మాత్రం మార్చడం లేదు, అమ్మాయిది ఎలా ఉందో అలాగే వస్తుంది." అటు నుంచి చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత ఆవిడ అడిగింది ఒక్కటే: "పసుపు బాగా కనబడుతోందాండీ?"

పొద్దున్నే చిన్న ప్రింటు ఒకటి తీసి వరండాలోకి వచ్చాం. గది లైటు కింద చూసి సరే అనడం ఆయనకి ఇష్టముండదు, నాకూ ఉండదు. అప్పుడే అత్తయ్య గుమ్మం ముందర ముగ్గు పెట్టి లేచింది, నేల ఇంకా తడి. మావయ్య చెప్పుల్లేకుండా మెట్టు దిగి, గొంతుక్కూర్చుని, ప్రింటుని ముగ్గు పక్కన ఆనించారు. ప్రింటులో ఉన్న ముగ్గు, నేల మీదున్న ముగ్గు. నేనూ పక్కన కూర్చున్నాను. ప్రింటులోది లేతగా, చాలా లేతగా గులాబీ కొడుతోంది. రాత్రి తెర మీద నాకు అది కనబడనే లేదు.

మావయ్య: ముప్ఫై నాలుగు పెట్టావు కదూ?

నేను: అవును.

మావయ్య: ముప్ఫై పెట్టి ఇంకో ముక్క తియ్యి. నేను ఇక్కడే ఉంటాను.